చేతులు దాచుకున్న జడ

ఒకప్పుడు మనిషి చేతులకు ఏ పనీ గుర్తుండేది కాదు. గుర్తంతా తలలోనే ఉండేది. తల చెబితే చేతులు చేసేవి. చెప్పడం ఆపితే ఆగిపోయేవి.

అన్నం తినాలన్నా అంతే. "కలుపు, ముద్ద చెయ్యి, పైకెత్తు, నోరు ఇటుంది" అని తల చెప్పాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ముద్ద చెవిలోకి పోయేది. నడిచేటప్పుడు "కుడి, ఎడమ, కుడి" అనుకుంటూ నడవాలి. లెక్క తప్పినవాడు బోర్లా పడేవాడు. కొంగ కూడా ఏ కాలు కింద ఉందో, ఏ కాలు పైన ఉందో అనుకుంటూనే చేప కోసం చూడాలి. అనుకునేలోపు చేప పోయేది. అందుకే ఆ రోజుల్లో కొంగలు మరీ బక్కగా ఉండేవి.

అలాంటి కాలంలో పని చేస్తూ మాట్లాడేవాళ్ళు ఎవరుంటారు? దంచేటప్పుడు పాట లేదు, నాటేటప్పుడు కబుర్లు లేవు. ఊళ్ళకి ఊళ్ళే పొద్దంతా మూగగా ఉండేవి.

ఏటి ఒడ్డున తుంగ చాపలు అల్లేవాళ్ళ పల్లె ఒకటి ఉండేది. అక్కడ సూరన్న అనే అతను, అతని పెళ్ళాం నూకాలు కాపురం ఉండేవారు. సూరన్న ఏట్లో దిగి తుంగ కోసుకొచ్చి, ఎండబెట్టి, సన్నగా చీల్చేవాడు. నూకాలు చాప అల్లేది.

వాళ్ళకి ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలూ నిలవలేదు. మూడోసారి ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే పొరుగింటి అప్పయ్యమ్మ ఆ పిల్లని చేటలో వేసుకుని తన ఇంటికి తీసుకుపోయింది. నూకాలు వెళ్ళి గుప్పెడు తవుడు ఇచ్చి, తన బిడ్డని తనే తిరిగి తెచ్చుకుంది. తవుడుకి మారిన పిల్ల అంటే చావుకి చులకన, కన్నెత్తి చూడదు అని పెద్దవాళ్ళ నమ్మకం. అందుకే పిల్లకి తవిటమ్మ అని పేరు పెట్టారు. తవిటీ అని పిలిచేవారు.

తవిటిది మహా పెంకి జుట్టు. నెత్తిన రెండు సుడులు. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరిగేది. "రెండు సుడుల పిల్లకి రెండు పెళ్ళిళ్ళే" అని అప్పయ్యమ్మ వేళాకోళం చేసేది. మామూలు జడ వేస్తే వీధి మలుపు తిరిగేలోపే ఊడిపోయేది.

నూకాలు ఆలోచించి ఆలోచించి ఆ జుట్టు కోసమే ఒక జడ కనిపెట్టింది. ఎడమ పక్క నుంచి మొదలుపెట్టాలి. మూడు మెలికలయ్యాక కుడి చెవి వెనక నుంచి చిన్న పాయ తీసి కలపాలి. ఇంకో రెండు మెలికలు వేసి, ఆ చిన్న పాయని కింద నుంచి పైకి తిప్పాలి. చివర తుంగ నారతో ముడి. ఆ జడ లోకంలో ఇంకెవరికీ తెలియదు.

రోజూ పొద్దున్నే తల్లి గడప మీద కూర్చునేది. పిల్ల కింది మెట్టు మీద కూర్చునేది. కూర్చున్న దగ్గర్నుంచి తవిటి నోరు ఆగేది కాదు.

"అమ్మా, కొంగకి మోకాళ్ళు వెనక్కి ఉంటాయెందుకే? అమ్మా, చేపలకి దాహం వేస్తుందా? అమ్మా, వింటున్నావా?"

నూకాలు పలికేది కాదు. పెదాలు మాత్రం కదిలేవి. ఎడమ పాయ, నడిమి పాయ, చెవి వెనక పాయ. పలికితే లెక్క తప్పుతుంది. తప్పితే మొదటికొస్తుంది.

ముడి పడ్డాక అప్పుడు అడిగేది, "ఇప్పుడు చెప్పవే. ఏమిటన్నావు?"

"పోయింది. మరిచిపోయాను" అని పిల్ల నవ్వి పరుగెత్తేది.

అలా ఏడేళ్ళు వచ్చాయి తవిటికి.

ఒక పొద్దున సూరన్న వాకిట్లో తుంగ చీలుస్తున్నాడు. గడప దగ్గర జడ సాగుతోంది. ఆ రోజు తవిటి ఏదో పెద్ద సంగతే చెబుతోంది. మాట మాటకీ ఆగి చేతులు ఊపుతోంది. మధ్యలో వెనక్కి తిరిగి తల్లి ముఖంలోకి చూసింది కూడా. నూకాలు రెండు చేతులా ఆ తల పట్టుకుని మళ్ళీ ముందుకి తిప్పింది. సూరన్న తలెత్తి చూశాడు గాని, చీలిక పక్కకి పోతుందేమోనని మళ్ళీ తల దించుకున్నాడు.

ముడి పడింది. "ఏమిటే అంత కథ?" అని అడిగింది నూకాలు.

"సాయంత్రం చెబుతాలే" అని తవిటి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి పిల్ల ఒళ్ళు కాలిపోతూ ఇంటికొచ్చింది. పడుకోబెట్టారు. కళ్ళు తెరవలేదు, మాట్లాడలేదు. మూడో రోజు పొద్దు గుంకే వేళ ప్రాణం పోయింది. జడ మాత్రం ఊడలేదు.

నూకాలు ఏడ్చింది. అందరు తల్లులూ ఏడ్చినట్టే ఏడ్చింది. తర్వాత ఏడుపు ఆగింది గాని ఒక్క మాట పట్టుకుంది.

"ఆ పొద్దున ఏమంది మావా? నువ్వు అక్కడే ఉన్నావు కదా."

"వినలేదే. తుంగ చీలుస్తున్నాను."

"ఒక్క ముక్కయినా?"

"చెయ్యి చూపించింది. ఏటి వైపో, ఆకాశం వైపో. అంతే తెలుసు."

నూకాలు అన్నం మానేసింది. చాప మానేసింది. పొద్దున్నే గడప మీద కూర్చుని, "నా ముందే చెప్పింది. నా చేతుల కిందే చెప్పింది. నేను పాయలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను" అనేది.

ఆ మాట వినలేక సూరన్న ఆ సంగతేమిటో తెలుసుకుందామని బయలుదేరాడు. ముందు కొంగని అడిగాడు.

"మీ ఇంటి కప్పు మీదే ఉన్నాను సూరన్నా" అంది కొంగ. "కాని అప్పుడే కాలు మార్చుకుంటున్నాను. ఏ కాలు దించాలా అన్న గొడవలో పడి వినలేదు. నన్ను క్షమించు."

గాలిని అడిగాడు. గాలి కాసేపు తుంగలో తచ్చాడింది.

"ఆ మాట నా మీదుగానే పోయింది. నేను మోస్తాను గాని దాచుకోలేను. అవతలి ఒడ్డున వదిలేశాను. ఇప్పుడది ఇసకలో ఇసక" అంది.

సూరన్న ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. అతని ముఖం చూడగానే నూకాలుకి తెలిసిపోయింది. ఏమీ అడక్కుండా లేచి ఏటికేసి నడిచింది. సూరన్న వెనకే వెళ్ళాడు.

"తల్లీ, నా తలలో ఉన్నది తీసేయ్. మొయ్యలేకపోతున్నాను" అంది నూకాలు ఏటితో.

"తీయగలను" అంది ఏరు. "కాని ఆ ఒక్క పొద్దునే ఏరి తీయడం నాకు చేతకాదు. నీళ్ళకి చేదూ తీపీ తెలియవు. తీస్తే పిల్ల మొత్తం పోతుంది. ముఖం పోతుంది. పేరు పోతుంది. ఆలోచించుకో."

సూరన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దే. ఇద్దరం మోద్దాం."

"నువ్వు మొయ్యగలవు మావా. నావల్ల కాదు."

సూరన్న ఆమెని చూశాడు. బుగ్గలు లోపలికి పోయాయి. మణికట్టు కట్టెపుల్లలా ఉంది. ఇంకో నెల ఇలాగే సాగితే పిల్ల పక్కనే ఈమెని కూడా పూడ్చాల్సి వస్తుందని అతనికి అర్థమైంది. చెయ్యి వదిలేశాడు.

నూకాలు నీళ్ళలోకి దిగింది. నీళ్ళు మోకాళ్ళకి వచ్చాయి, నడుముకి వచ్చాయి, మెడకి వచ్చాయి. అప్పుడు ఆమె చేతులు రెండూ నీళ్ళ పైకి లేచాయి. తల చెప్పకుండా చేతులు కదలడం లోకంలో అదే మొదలు.

"ఒక్క మాట" అన్నాయి చేతులు తలతో. "ఇన్నాళ్ళూ మేం నిన్ను ఏమీ అడగలేదు. చెయ్యమన్నది చేశాం. ఎలాగూ అన్నీ పారేసుకుంటున్నావు. ఆ జడ ఒక్కటి మాకు ఇవ్వు."

"మీకెందుకు? దాచుకోవడం మీకు రాదు కదా" అంది తల.

"ఆ జుట్టు పట్టుకున్నది మేం. నేర్చుకుంటాం. ఇవ్వు."

తల ఇచ్చేసింది. ఎడమ పాయ, నడిమి పాయ, చెవి వెనక పాయ, కింద నుంచి పైకి తిప్పే మెలిక, అన్నీ భుజాల మీదుగా దిగి వేళ్ళలోకి పోయాయి.

ఏరు చూస్తూనే ఉంది. "నేను తలలోది తీస్తానన్నాను. చేతుల్లోది తీస్తాననలేదు. ఉంచుకోండి" అంది. "అయితే మీకు నోరు లేదు. ఆ జడ ఎవరిదో తలకి చెప్పలేరు. తల పనిగట్టుకుని అడిగిందా, అడిగినంతసేపూ మీకూ తప్పిపోతుంది. అలాగే అయితేనే ఉంచుకోండి."

"అలాగే" అన్నాయి చేతులు.

నూకాలు తల మునిగింది.

పైకి వచ్చి ముఖం తుడుచుకుంది. "ఇలా తడిసిపోయానేమిటి మావా? ఆకలేస్తోంది, ఇంటికి పోదాం" అంది.

ఆ సాయంత్రం నూకాలు కడుపు నిండా తింది. సూరన్నకి ముద్ద దిగలేదు. దండెం మీద చిన్న పరికిణీ చూసి "ఇదెవరిది?" అని అడిగితే, "అప్పయ్యమ్మ మనవరాలిది, ఇచ్చేస్తాలే" అన్నాడు. తీసి పెట్టె అడుగున పెట్టాడు. పల్లెలో ఇంటింటికీ వెళ్ళి, పిల్ల పేరు ఆమె ముందు ఎత్తవద్దని బతిమాలుకున్నాడు. ఆ పేరు పలకాలనిపించినప్పుడు తుంగలోకి వెళ్ళి, నడుంలోతు నీళ్ళలో నిలబడి, "తవిటీ" అని ఒకసారి పిలిచి వచ్చేవాడు.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. ఒక పొద్దున నూకాలు గడప మీద కూర్చుంది. పక్కన నానబెట్టిన తుంగ ఉంది. ఎటో చూస్తూ ఒక గుప్పెడు తీసుకుంది. వాకిట్లో ఉన్న సూరన్న మామూలుగా తలెత్తాడు. అతని చేతిలో కత్తి ఆగిపోయింది.

ఆమె వేళ్ళు ఎడమ పక్క నుంచి మొదలుపెట్టాయి. మూడు మెలికలు. పక్క నుంచి చిన్న పాయ. మళ్ళీ రెండు మెలికలు. చిన్న పాయ కింద నుంచి పైకి.

"నూకాలూ, ఏమిటది?"

"ఏది?" అంటూ ఆమె తన చేతుల్ని చూసుకుంది. చేతులు ఆగిపోయాయి. "ఇప్పుడు ఎటు తిప్పాలి? ఇటా, అటా?" అనుకుంటూ లాగింది. తుంగ చిక్కుపడింది. "ఏమో మావా. దానంతటదే వస్తోంది. చూస్తే పోతోంది."

ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి. కొంగుతో తుడుచుకుని, "ఈ తుంగ ఘాటుకి కళ్ళు మండుతున్నాయి" అంది.

సూరన్నకి ఏటి దగ్గర జరిగింది గుర్తొచ్చింది. అడిగితే చేతుల్లో ఉన్నది కూడా తప్పిపోతుంది. వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఏటి కబుర్లు చెప్పాడు. ఈసారి తుంగ పొడుగ్గా పెరిగిందన్నాడు. కొంగ గూడు కట్టిందన్నాడు. నూకాలు ఊఁ కొట్టింది, ఎదురడిగింది, ఒకచోట నవ్వింది కూడా. అలా మాట్లాడుతుండగా చేతులు చిక్కు విప్పుకుని, జడ పూర్తి చేసి, నారతో ముడి వేశాయి.

"ఇంత పొట్టిగా అల్లానేమిటి, ఎందుకూ పనికిరాదు" అంది నూకాలు.

"నాకు ఇవ్వు. పనుంది" అన్నాడు సూరన్న.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే మెత్తటి తుంగ ఏరి ఆమె పక్కన పెట్టేవాడు. ఒక్కనాడూ ఏమీ అడగలేదు.

ఒకసారి ఆమే అడిగింది. "ఆ ఇద్దరి తర్వాత మనకి మళ్ళీ పిల్లలు పుట్టలేదేం మావా?"

పుట్టలేదనడానికి సూరన్నకి నోరు రాలేదు. "తుంగ ఎండిపోతోంది, కాస్త నీళ్ళు చల్లు" అన్నాడు.

ఒకనాడు అప్పయ్యమ్మ వచ్చి ఆ జడ చూసింది. చూసి నూకాలు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. మర్నాడు అప్పయ్యమ్మ తన మనవరాలితో మాట్లాడుతూ చాప అల్లుతుంటే, సగం చాప లెక్కపెట్టకుండానే అయిపోయింది. అప్పయ్యమ్మ చెయ్యి పట్టుకున్నవాళ్ళకి ఆ గుణం వచ్చింది. వాళ్ళని పట్టుకున్నవాళ్ళకి వచ్చింది. చేతుల నుంచి కాళ్ళకి పాకింది. చివరికి కొంగ కాళ్ళకి కూడా అబ్బింది. పల్లెలో పనుల మధ్య మాటలు పుట్టాయి. దంపుళ్ళ దగ్గర పాటలు పుట్టాయి. సూరన్న అవన్నీ వింటూ తుంగ చీల్చుకునేవాడు.

అప్పటినుంచే, మళ్ళీ మళ్ళీ చేసిన పనిని తల చేతులకి ఇచ్చేసి తను మరిచిపోతుంది. అప్పటినుంచే చేతులకి తెలిసింది నోటితో చెప్పడం కష్టం. కీబోర్డు మీద చకచకా టైపు చేసే అక్కని, "ఫలానా అక్షరం ఎక్కడుందక్కా?" అని అడిగి చూడండి. వేళ్ళు ఆగిపోతాయి. రోజుకి వెయ్యిసార్లు నొక్కే అక్షరమే, ఎక్కడుందో చెప్పలేక తెల్లబోతుంది. గాలిలో వేళ్ళు ఆడించి చూసుకుంటే తప్ప ఆమెకే తెలియదు. అలా ఆగిపోయిన చేతుల్ని ఇంకేమీ అడక్కండి. పక్కన కూర్చుని వేరే కబురేదైనా చెప్పండి. కాసేపటికి అవే మొదలుపెడతాయి.