మల్సూర్ సార్ మోకు

హేమసుందర్ పెంచుతున్న కణాలు కదలడం మానేశాయి.

గాజు పళ్ళెంలో పరుచుకున్న చర్మకణాల మధ్య అతను సూదిమొనతో ఒక గీత గీస్తాడు. అది పుండు లెక్క. అటూ ఇటూ ఉన్న కణాలు పాకి వచ్చి ఆ గీతను పూడ్చాలి. ఊళ్ళో నాన్న కాలి పుండు ఎంతకీ మానకపోవడం చూసే ఈ పరిశోధనలోకి వచ్చాడతను. అందుకే అంత తొందర. లెక్క సులువే అనుకున్నాడు: కణాల పట్టు రెట్టింపైతే పూడడమూ రెట్టింపు. కణాల కింద బంకలా పనిచేసే ప్రొటీన్‌ను మందంగా పూశాడు. ఆ పట్టును సడలించే ప్రొటీన్ ఒకటి ఉంటే, మందు వేసి దాన్ని ఆపేశాడు.

కణాలు బల్లుల్లా కరుచుకున్నాయి. గీత గీతలాగే ఉండిపోయింది.

"పట్టు ఇంకా చాలలేదేమో సార్," అన్నాడు గురువు దగ్గరికి వెళ్ళి.

మల్సూర్ గారు అతని ముఖం చూశారు. లేచి, బీరువా మీంచి నున్నబడ్డ పాత తాడు తీశారు. వాళ్ళ అయ్య కల్లు గీయడానికి తాటిచెట్లెక్కిన మోకు అది.

"రా బిడ్డా."

ప్రయోగశాల వెనక తాటిచెట్టుకీ, శిష్యుడి నడుముకీ కలిపి మోకు చుట్టి ముడేశారు. పాదాలకు చిన్న తాడు బంధం వేశారు. ఎక్కమన్నారు.

మనిషెత్తు కూడా పోకముందే హేమసుందర్ భయంతో వెనక్కి వాలి మోకు బిగించేశాడు. ఇక కదలడు.

"ఆగినవేంది?"

"పడిపోతానేమోనని సార్."

"పడవు. ఆ బిగువుకు గాలిదుమారమొచ్చినా పడవు. పైకి గూడ పోవు." సార్ నవ్వారు. "చెట్టు దిక్కు వంగు. మోకు సడలుతది. పైకి జరుపు."

"సడలితే నేనేమవుతాను?"

"కాళ్ళు పట్టుకునే ఉన్నయి గద," అంటూ అతని వీపుకి అరచెయ్యి ఆనించారు.

హేమసుందర్ కళ్ళు మూసుకుని చెట్టు మీదికి వంగాడు. మోకు వదులైంది. జానెడు పైకి జరిపి మళ్ళీ వాలాడు. మోకు బిగిసింది. కాళ్ళు పైకి లాక్కున్నాడు.

వీపు మీది చెయ్యి సార్ ఎప్పుడు తీసేశారో అతనికి తెలియలేదు.

ఆ సాయంత్రం కొత్త పళ్ళెంలో బంక పలచగా పూశాడు. మందు సీసా ముట్టుకోలేదు.

మర్నాడు సూక్ష్మదర్శిని కింద, గీత అంచున ఒక కణం చెయ్యి చాచినట్టు ముందుకు సాగి, అక్కడ పట్టు చిక్కించుకుంది. వెనక కొస మాత్రం పాతచోటునే పట్టుకుని, దారంలా సాగి, వణుకుతోంది.

"వదులు బిడ్డా," అన్నాడు హేమసుందర్ మెల్లగా. "పడవు."

కొస వదిలింది.