తట్టితే పలికే మడుగు

దిగుడుకొండ అడవిలో ఎండ నేల దాకా దిగదు. చెట్లు అంత దట్టం. ఆ చెట్ల కింద మంచుగెడ్డ అనే ఏరు పారుతుంది. దాని నీళ్లు నడివేసవిలో కూడా పళ్లు జివ్వుమనేంత చల్లన. ఆ ఏటిని నమ్ముకుని నీటికుక్కలు, బావురుపిల్లులు, నీటికోళ్లు, కప్పలు బతికేవి. ఎలుగులూ కోతులూ దాహానికి వచ్చి పోయేవి.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఏరు గుంటలుగా మిగిలింది. గుంటలు బురదయ్యాయి. బురద నెర్రెలు విచ్చింది. చేపలన్నీ చచ్చాయి.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. నీళ్లు వచ్చాయి గాని చేపలు రాలేదు. ఎలా వస్తాయి? ఏటి దిగువన పెద్ద జలపాతం ఉంది. దాన్ని ఎక్కి రాగల చేప ఇంకా పుట్టలేదు.

చేపలు లేని ఏరు ఎలా ఉంటుందో మీరు చూసి ఉండరు. చూడకపోవడమే మంచిది. సాయంత్రం అందులో గుబుక్కుమని ఒక్క మునక వినపడదు. ఒక్క బుడగ పైకి రాదు. వంగి చూస్తే మన మొహం ఒక్కటే కింద నుంచి మనల్ని చూస్తూ ఉంటుంది.

నీటికుక్కలు ఒక్కొక్కటే కొండ దాటి వలస పోయాయి. మునకమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె ముసలిది. వెనక కాళ్లు ఈడుస్తుంది. పీతలూ నత్తలూ ఏరుకు తిని రోజులు నెట్టుకొస్తోంది.

"కొండ ఎక్కే కాళ్లు కావు నావి," అనుకుంది మునకమ్మ. "ఈ ఏట్లోకి చేపలు రావాలి. రాకపోతే నేను ఇక్కడే రాలిపోవాలి."

కొండ వెనక పెద్ద సరస్సు ఉంది. అందులో చేపపిల్లలు కోకొల్లలు. మునకమ్మ గుబ్బన్న అనే ఎలుగును బతిమాలింది. గుబ్బన్న కోతుల్ని కూడగట్టాడు. అందరూ ఎండు సొరకాయ బుర్రల్లో నీళ్లు నింపి, వాటిలో చేపపిల్లల్ని వేసి, మెడలకు కట్టుకుని కొండ దాటించారు.

వస్తూనే గుబ్బన్న తన బుర్రను ఏట్లోకి ఒంపబోయాడు.

"ఆగు నాయనా!" అని మునకమ్మ అడ్డుపడింది. "నీ మెడ కింద వేలాడి బుర్రలో నీళ్లు వెచ్చబడ్డాయి. ఏట్లో నీళ్లు మంచు. ఒక్కసారిగా వేస్తే పసికందులు బిగుసుకుపోతాయి. బుర్రల్ని నీళ్ల మీద తేలనివ్వు. ఏటి నీళ్లు కొంచెం కొంచెంగా లోపలికి పోనివ్వు. చలి అలవాటయ్యాక అవే బయటికి వస్తాయి."

"చేపపిల్లలకు కూడా ఇన్ని మర్యాదలా పిన్నీ!" అని గుబ్బన్న నవ్వాడు. కానీ ఆమె చెప్పినట్టే చేశాడు.

చేపపిల్లల్ని రెండు మడుగులకు పంచారు. పై మడుగు మునకమ్మది. దిగువ మడుగు బావురుదొరది. బావురుదొర ఒక బావురుపిల్లి. దొర అన్న మాట తన పేరుకు తనే తగిలించుకున్నాడు. ఒడ్డున కూర్చుని పంజాతో చేప పట్టడంలో తనంతటివాడు లేడని అతని గర్వం.

దిగువ మడుగు బుర్రల్లోకి తొంగి చూస్తూ మునకమ్మ ఒక పిల్ల దగ్గర ఆగింది. దానికి పొడుగాటి మీసాలున్నాయి. నోరు కళ్ల వెనక దాకా చీలి ఉంది.

"ఇది వాలుగ పిల్ల. తోటి చేపల్ని మింగి పెరుగుతుంది. దీన్ని సరస్సుకే పంపెయ్యండి," అంది.

"ఉండనీ ముసలమ్మా! పెద్ద చేపైతే ముక్కలూ పెద్దవే," అని బావురుదొర ఆ బుర్ర లాక్కుని తన మడుగులో ఒంపేసుకున్నాడు.

వచ్చే వానలు వెలిసి నీళ్లు తేరేదాకా ఎవరూ చేప పట్టకూడదని అందరూ కట్టుబాటు చేసుకున్నారు. ఆలోగా చేపలు ఒకసారి గుడ్లు పెట్టుకుంటాయి. ఏరు నిండుతుంది.

మర్నాటి నుంచి మునకమ్మ ఒక పని మొదలుపెట్టింది. పొద్దున్నే పై మడుగులో దూకి చేపపిల్లల్ని తరిమేది. పళ్లు చూపించేది. తోకతో నీళ్లు బాదేది. అవి రాళ్ల సందుల్లో దూరేదాకా వదిలేది కాదు. అయితే ఒక్కదాన్ని కూడా కొరికేది కాదు.

బావురుదొర ఒడ్డున నిలబడి పగలబడి నవ్వాడు.

"ఏం ముసలమ్మా, పిల్లల్ని పెంచుతున్నావా, ఏడిపిస్తున్నావా?"

"నేర్పుతున్నాను అబ్బాయీ. నీడ పడితే దాక్కోవాలని నేర్పుతున్నాను."

"పెంపకం అంటే ఏమిటో చూడాలంటే పొద్దుగూకే వేళకు నా మడుగుకు రా."

మునకమ్మ వెళ్లింది. గుబ్బన్న, కోతులు కూడా వచ్చారు. బావురుదొర నీళ్ల మీద పంజాతో మెల్లగా మూడుసార్లు తట్టాడు. టప్. టప్. టప్. తర్వాత పుట్ట తవ్వి తెచ్చిన చెదపురుగుల్ని గుప్పెడు చల్లాడు. చేపపిల్లలు బిలబిలమంటూ పైకొచ్చి తిన్నాయి.

"ఆహా! అమ్మ పిలిస్తే వచ్చినట్టు వస్తున్నాయి!" అని కోతులు చప్పట్లు కొట్టాయి.

మునకమ్మ చప్పట్లు కొట్టలేదు.

చలికాలం పోయింది. వేసవి పోయింది. దిగువ మడుగు చేపలు మోకాలంత, మోచెయ్యంత పెరిగాయి. పై మడుగులో మాత్రం ఒక్క చేప కనబడలేదు. ఎప్పుడు చూసినా రాళ్లూ నీళ్లే.

"పిన్నీ, నీ చేపలన్నీ నీ అరుపులకే చచ్చాయేమో!" అన్నాడు గుబ్బన్న.

 ఇప్పుడు మునకమ్మ తరమబోయినా ఒక్క చేపా ఎదురుపడడం లేదు. లోపల ఆమెకూ గుబులు పట్టుకుంది. నిజంగానే చచ్చాయా? రాళ్ల కింద చెయ్యి పెట్టి చూద్దామనిపించేది. పెడితే దాక్కున్న చోటు కూడా భద్రం కాదని వాటికి తెలిసిపోతుంది. అందుకే పెట్టలేదు. ఆమె మొండిది.

వానలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం ఆమె ఒంటరిగా దిగువ మడుగుకు వెళ్లింది. బావురుదొర అక్కడ లేడు. ఆమె నీడ నీళ్ల మీద పడింది.

చేపలు పైకి వచ్చాయి. వరసలు వరసలుగా వచ్చి, అన్నీ ఆమె వైపే తిరిగి నిలబడ్డాయి. నోళ్లు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. చప్పుడు లేదు. ఆమె ఎడమకు జరిగితే అన్ని తలలూ ఎడమకు తిరిగాయి. కుడికి జరిగితే కుడికి తిరిగాయి. అన్నిటి వెనక, నల్లటి నీళ్లలో, రెండు పొడుగాటి మీసాలు మెల్లగా కదిలాయి.

మునకమ్మ కాలు నీళ్లలో పెట్టి చూసింది. ఒక్క చేప పారిపోలేదు. చల్లటి మూతులు వచ్చి ఆమె కాలిని తడిమాయి. తింటానికి పనికొస్తుందా లేదా అని చూసినట్టు తడిమాయి.

పుట్టిన నాటి నుంచి నీళ్లలో బతికిన నీటికుక్క ఆ రోజు నీళ్లకు భయపడింది. ఒళ్లంతా వెంట్రుకలు నిక్కబొడుచుకుని వెనక్కి వచ్చేసింది.

వానలు పడ్డాయి. చెదపుట్టలు తడిసి ముద్దయ్యాయి. తవ్వడం బావురుదొరకు బద్ధకమైంది. పైగా అతనికి కొత్త రుచి పట్టింది. పొద్దుగూకే వేళ ఎవరూ లేకుండా చూసి మూడుసార్లు తట్టేవాడు. మేత వెయ్యకుండా, పైకొచ్చిన చేపల్లో ఒకదాన్ని లాగి తినేసేవాడు. కట్టుబాటు సంగతి మరిచాడు. మేత సంగతీ మరిచాడు.

చేపలు మాత్రం మరవలేదు. ఆకలితో అవి ఒకదాన్నొకటి చూసుకోవడం మొదలుపెట్టాయి.

కొన్నాళ్లకు ఆ మడుగు దగ్గర కప్పలు అరవడం మానేశాయి. అరవడానికి అక్కడ కప్పలు ఉంటే కదా! నీటికోడి తన పిల్లల్ని ఈతకు తీసుకెళ్లి ఒంటరిగా తిరిగొచ్చింది. అడిగితే మెడ వంచుకుని కూర్చుంది. ఎండుటాకు రాలి నీళ్లకు తగిలితే చాలు, అక్కడ నీళ్లు ఒక్కసారి కుతకుతలాడి మళ్లీ అద్దంలా అయిపోయేవి. ఆకు ఉండేది కాదు.

ఒక సాయంత్రం బావురుదొర కడుపు నిండి గుహలో పడుకుని ఉన్నాడు. మడుగు వైపు నుంచి చప్పుడు వినిపించింది.

టప్. టప్. టప్.

ఎవరో తన చేపల్ని పిలుస్తున్నారనుకుని పరుగెత్తుకుంటూ వెళ్లాడు. ఒడ్డున ఎవరూ లేరు. నీళ్ల నడుమ నుంచి మూడు వలయాలు మెల్లగా ఒడ్డుకు వస్తున్నాయి.

మర్నాడూ అదే వేళకు అదే చప్పుడు. ఆ మర్నాడూ అంతే. వద్దనుకున్నా అతని కాళ్లు అటే నడిచేవి. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. దొర కదా, భయపడ్డానని ఎలా చెబుతాడు?

వానలు వెలిశాయి. నీళ్లు తేరాయి. అడవి జంతువులన్నీ పోగయ్యాయి.

"ముసలమ్మ మడుగు శ్మశానంలా ఉంది," అన్నాడు బావురుదొర. "అది కూడా నాకే అప్పగించండి. ఈ ఏరంతా నేను నింపుతాను. చేపలు చంపుకున్నవాళ్లకు ఏటితో పనేమిటి? ఆమె కొండ దాటి తనవాళ్ల దగ్గరికి పోవచ్చు."

కోతులు తలలూపాయి. గుబ్బన్న మునకమ్మ వైపు చూసి తల దించుకున్నాడు.

"నా కాళ్లు కొండ దాటవని మీ అందరికీ తెలుసు," అంది మునకమ్మ. "సరే, చేపలు లేకపోతే పోతాను. ముందు ఆ మడుగు చూడండి. తర్వాత నా మడుగు చూడండి. అబ్బాయీ, ఒక్క మాట. ఈ రోజు నీళ్ల దగ్గరికి వెళ్లకు. దూరం నుంచే చూపించు."

"నా చేపలకు నేను భయపడాలా? అవి నా చేతి కూడు తిన్నవి!"

అందరూ దిగువ మడుగుకు వెళ్లారు. పొద్దు చెట్ల వెనక్కి జారింది. బావురుదొర ఒడ్డున రాతి మీద కూర్చుని, అందరి వైపూ ఒకసారి తిరిగి చూసి, నీళ్ల మీద తట్టాడు.

టప్. టప్. టప్.

ఒక్క చేప రాలేదు.

"బావురుదొరా, నీ పిల్లలకు చెవుడొచ్చిందా?" అని ఒక కోతి కిచకిచలాడింది.

అతను సిగ్గుపడి ఇంకొంచెం ముందుకు వంగి మళ్లీ తట్టాడు. మూడో దెబ్బకు పంజా నీళ్లను తాకింది. తిరిగి పైకి రాలేదు.

నీళ్ల కింద నుంచి వెడల్పాటి నోరు లేచి ఆ పంజాను పట్టుకుంది. రెండు మీసాలు అతని మెడకు రాసుకున్నాయి. అతను అరవడానికి నోరు తెరిచాడు. అరుపు రాలేదు. రాయి ఖాళీ అయింది.

ఎవరూ కదల్లేదు. వలయాలు ఒడ్డుకు వచ్చి ఆగిపోయాయి. మడుగు అద్దంలా అయింది. అప్పుడు దాని నడుమ నుంచి, తీరిగ్గా, వినిపించింది.

టప్. టప్. టప్.

అంతే! జంతువులన్నీ ఏటి వెంట పైకి పరుగులు తీశాయి. అందరికంటే ముందు గుబ్బన్న పరుగెత్తాడు. కళ్లు మూసుకుని పరుగెత్తి, పాచిరాయి మీద కాలు జారి, పై మడుగులో దభేలుమని పడ్డాడు.

మడుగు వెలిగింది. ప్రతి రాతి కింద నుంచీ చేపలు చిమ్మాయి. పెద్దవి, చిన్నవి, గడ్డిపరకంత పిల్లలు, వేలకు వేలు వెండి తునకల్లా అన్ని దిక్కులకూ చెదిరిపోయాయి. గుబ్బన్న అటు తిరిగేలోగా నీళ్లు మళ్లీ ఖాళీ. ఒక్క చేప లేదు.

"పిన్నీ," అన్నాడు గుబ్బన్న ఒళ్లంతా నీళ్లోడుతూ, "ఇన్నాళ్లూ ఇవి ఇక్కడే ఉన్నాయా?"

మునకమ్మ కుంటుకుంటూ నీళ్లలోకి దిగింది. బలం కొద్దీ మునిగి ఒక చేపను తరిమింది. అందినట్టే అంది, పళ్ల సందు నుంచి జారి రాతి కింద దూరిపోయింది. మళ్లీ మునిగింది. మళ్లీ చేప తప్పించుకుపోయింది. ఆమె ఒడ్డుకు వచ్చి ఆయాసపడుతూ నవ్వింది. ఏరు ఎండిపోయిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

"బతుకుతాయి," అంది. "నాకే దొరక్కపోతే ఇక ఇవి ఎవరికీ తేరగా దొరకవు. రేపు పొద్దున్నే మళ్లీ వేటకు దిగుతాను. కష్టపడితే నాకొకటి దొరక్కపోదు."

మునకమ్మ కొండ దాటే పని లేకపోయింది. తర్వాతి వానలకు పై మడుగు చేపలు చిన్న పాయల్లోకి, వాగుల్లోకి ఎగబాకాయి. వలస పోయిన నీటికుక్కలు తిరిగొచ్చాయి.

దిగువ మడుగు దగ్గరికి మాత్రం ఎవరూ పోరు. ఆ అడవిలో ఇప్పటికీ ఒక ఆచారం ఉంది. ఏ జంతువైనా నీళ్లు తాగే ముందు కాలితో నేలను గట్టిగా తొక్కుతుంది. చేపలు చెదిరిపోయాయని చూసుకున్నాకే మూతి ముంచుతుంది. పొద్దుగూకే వేళ దిగువ నుంచి ఏదైనా చప్పుడు వినిపిస్తే తల్లులు పిల్లల్ని దగ్గరకు లాక్కుంటారు. ఆ చప్పుడుకు ఎవరూ బదులు తట్టరు.

నీతి: మన కడుపు కోసం ఒక ప్రాణికి బెదురు పోగొడితే, ఒకనాడు అది మనకూ బెదరదు.