హాజరు పలకని అప్పలసూరి

"అప్పలసూరీ!"

పలకలేదు. మొదటి బెంచీలో, మేడమ్ ముక్కు కిందే కూర్చుని, కిటికీలోంచి మబ్బుల్ని చూస్తున్నాడు.

"నిన్నేనయ్యా, అప్పలసూరీ!"

సూరి పెదాలు ఇంకా గట్టిగా బిగించాడు. పక్కనే తమ్ముడు పైడిరాజు మురిసిపోయాడు. ఆ లా కాలేజీ మొత్తంలో రాజ్యాంగం ఒంటపట్టింది తమ ఇద్దరికేనని వాళ్ళ నమ్మకం. "ఎవరిచేతా వాళ్ళకే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించకూడదు" అని శకుంతల మేడమే కదా పాఠం చెప్పింది! "ఉన్నాను" అన్నాడనుకో, ఉన్నట్టు రుజువైపోతుంది. ఉన్నవాణ్ణే కదా ప్రశ్నలడిగేది? అంతే, ఆ రోజు నుంచీ సూరి హాజరు పలకలేదు. పైడిరాజు మాత్రం అన్న పేరు తప్ప ఎవరి పేరు పిలిచినా "ఉన్నాను మేడమ్!" అనేవాడు. అది వాక్‌స్వాతంత్ర్యం.

ఇంకేముంది, ఏడాది చివర నోటీసు బోర్డు మీద సూరి పేరు. హాజరు చాలదు, పరీక్షకి వీల్లేదు.

సూరి బోర్డు ముందే ఏడుపు లంకించుకున్నాడు. మరదలు రత్నాలు ముందే చెప్పేసింది. "బావా, ఈసారి పరీక్ష తప్పావో, బొబ్బిలి సంబంధానికి సరే అనేస్తా." తను నల్లకోటు తొడుక్కుని వెన్నెల్లో రత్నాలుకి ఎదురుగా నడిచెళ్తున్నట్టు పాపం రోజూ కలలే సూరికి.

"ఏడవకన్నా," అన్నాడు పైడిరాజు. "చట్టం ముందు అందరూ సమానం. నాకు హాజరుండి నీకు లేకపోవడమేంటి?" అంటూ ప్రిన్సిపాల్ గదికెళ్ళి, పట్టుబట్టి, తన హాజరు కూడా కొట్టేయించుకొచ్చాడు.

"ఇప్పుడు సమానమేనా?"

"సమానమేరా తమ్ముడూ, ప్రాణం లేచొచ్చింది." ఇద్దరూ కావిలించుకుని ఏడ్చారు.

మేడమ్‌కి జాలేసింది. "పరీక్షరోజు పొద్దున్నే నా దగ్గరికి రండి. రోజూ క్లాసుకొచ్చామని ఒక్కమాట నోటితో ఒప్పుకోండి చాలు, హాల్లో కూర్చోబెట్టిస్తాను."

బయటికొచ్చాక పైడిరాజు గొంతు తగ్గించాడు. "మోసపోకన్నా. ఆశపెట్టి ఒప్పించింది చెల్లదు. మేడమ్ పరీక్ష ఆశ చూపిస్తోంది. ఒప్పుకుంటే మేజిస్ట్రేటు ముందే ఒప్పుకోవాలి."

"అమ్మో! నువ్వు లేకపోతే మునిగిపోయేవాణ్ణిరా!"

అంతే, పరీక్షరోజు తెల్లారగానే తలంట్లు పోసుకుని, ఇస్త్రీ చొక్కాలేసుకుని కోర్టుకెళ్ళారు. గుమ్మం దగ్గర బంట్రోతు ఆపాడు. "దేశంలో ఎక్కడైనా తిరిగే హక్కుంది మాకు!" అని వాడి చంక కిందనుంచి దూరిపోయారు.

ఒప్పుకోవడానికొచ్చామనగానే మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎవరైనా భయపెట్టారా? ఆశపెట్టారా?"

"ఆశపెట్టారండి. అందుకే ఆ మేడమ్ దగ్గరికి వెళ్ళలేదండి," అన్నాడు పైడిరాజు గర్వంగా.

"సరే. ఏం చేశావో చెప్పు."

సూరి ఒక్కసారి రత్నాలుని తలుచుకున్నాడు. ఏడాదంతా మేడమ్ పిలిచినా విప్పని పెదాలు విప్పి, కోర్టు దద్దరిల్లేలా అరిచాడు.

"ఒప్పుకుంటున్నానండీ! ఏడాదంతా రోజూ కాలేజీలోనే ఉన్నానండీ! ఇవాళ పరీక్ష కదండీ, ఈ ఒక్కరోజే మానేశానండీ!"