ఇంటిబడికొచ్చిన ఇన్‌స్పెక్టరు

ఊరి చివర వాగు ఒడ్డున తెల్లకొంగల కాన్వెంటు ఒకటి ఉండేది. తుమ్మచెట్ల నీడలో బడి, బడి పక్కన చిన్న గుడి, గుడి ముందు గంట. సిస్టర్లందరూ కొంగలే. కొంగలనగానే మూతి విరవకండి. చేపల కోసం దొంగజపం చేసే రకం వేరు, వీళ్ళు వేరు. మేకపిల్లల్నీ బాతుపిల్లల్నీ కోడిపిల్లల్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, "క్రిస్మస్ రాత్రి పశువులపాకలో బాలయేసు పక్కన మొట్టమొదట ఉన్నది మనవాళ్ళేరా, తలెత్తుకు తిరగండి" అని చెప్పే మనసున్నవాళ్ళు.

నాటుకోడి ఆరోగ్యమ్మ తన పిల్లలిద్దర్నీ అక్కడే వేసింది. పెద్దాడు శౌరి, చిన్నది తెరేజ. శౌరి గంట కొడితే లైన్లో నిలబడతాడు, చెప్పింది రాస్తాడు. తెరేజకి నోరెక్కువ, ప్రశ్నలెక్కువ. అయినా సిస్టర్లు దాన్ని ముద్దుగానే చూసేవారు. ఎనిమిదో తరగతి దాకా ఏ గొడవా లేదు.

హైస్కూలుకొచ్చాక వచ్చింది చిక్కు. కొంగల హైస్కూలు కదా, అక్కణ్ణించి పాఠాలన్నీ నీళ్ళలోనే. పొద్దున్నే వాగులో దిగాలి, ఒంటికాలి మీద నిలబడాలి, మాట్లాడకూడదు, చేప పట్టాలి. పట్టిన చేపల్ని బట్టి ర్యాంకు. బాతుపిల్లలు ఎగిరి గంతేశాయి. కానీ కొంగకి మోకాలిలోతు నీళ్ళంటే కోడికి మెడలోతు. శౌరి చలికి వణుకుతూ ఎలాగో నెట్టుకొచ్చాడు. తెరేజ మాత్రం ప్రశ్నలు మానేసింది, తరవాత తిండి మానేసింది. ఒకరోజు పొద్దున ఆరోగ్యమ్మ గూడు ఊడుస్తుంటే పిల్ల పడుకున్న చోట ఈకలు కుప్పగా కనబడ్డాయి. ఎవరో పీకినవి కావు. పరీక్షల భయానికి పిల్ల తన రొమ్ము ఈకలు తనే పీక్కుంటోంది. బోసిగా ఎర్రబడ్డ ఆ చర్మం చూసి తల్లి చీపురు అక్కడే పడేసింది.

మొగుడు ఇన్నయ్య దగ్గరికి పరుగెత్తింది. ఆయన పెంటదిబ్బ మీద మెడ నిక్కించుకుని నిలబడి ఉన్నాడు. సూర్యుణ్ణి లేపేది తనే అనుకునే బాపతు.

"ఏమయ్యా, పిల్లల్ని బడి మానిపిస్తున్నాను. ఇంట్లో నేనే చదువు చెప్పుకుంటాను."

"నువ్వా! నువ్వెంతవరకు చదివావే?"

"ఐదు."

"ఐదు చదివినదానివి పదో తరగతి ఎలా చెబుతావు?"

"వాళ్ళతోపాటు నేనూ నేర్చుకుంటా. పిల్ల ఒళ్ళు చూశావా అసలు?"

ఇన్నయ్య చూడలేదు. చూశాక దిబ్బ దిగి అవతలికి వెళ్ళిపోయాడు.

పిల్లల్ని వెంటబెట్టుకుని ఆరోగ్యమ్మ కాన్వెంటు పెద్ద మదర్ కొంగమ్మ దగ్గరికి వెళ్ళింది. తిడుతుందనుకుంది. మదర్ తిట్టలేదు. "మాకు వచ్చింది మేం చెప్పాం ఆరోగ్యమ్మా. మీ పిల్లలకి కావలసింది అది కాదేమో. ప్రార్థన మాత్రం మానిపించకు" అని ఇద్దరి తలల మీదా రెక్క పెట్టి దీవించి పంపింది. తిట్టి ఉంటే బాగుండేదని దారి పొడుగునా ఏడ్చింది ఆరోగ్యమ్మ. మంచివాళ్ళని వదిలి వచ్చినప్పుడు తప్పు మనదేనేమోనన్న అనుమానం ఇంకా ఎక్కువగా పీడిస్తుంది మరి.

అలా మొదలైంది ఇంటిబడి. పంతులమ్మకి పాఠం రాదు కాబట్టి ఏదైనా ముందు తనే చేసి చూడాల్సి వచ్చేది. గద్ద నీడకీ కాకి నీడకీ తేడా చెప్పడానికి తనే ఎండలో నిలబడి చూసింది. పాక మీదికి ఎగరడం నేర్పబోయి తనే బొక్కబోర్లా పడింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. "మన బళ్ళో రూలు ఇదే అమ్మా, చెప్పేవాళ్ళే ముందు చేసి చూపించాలి" అంది తెరేజ. ఆ నవ్వుల మధ్య దాని రొమ్ము మీద మళ్ళీ మెత్తటి ఈకలు మొలిచాయి. శౌరికి గొంతు మారే వయసు, కూత మొదలుపెడితే సగంలో కీచుమనేది. ఇంట్లో వాడు సిగ్గుపడకుండా కూసేవాడు.

ఇంకేం కావాలి తల్లికి? ఏమో, కావాలి. రాత్రయితే ఆరోగ్యమ్మకి కన్ను మూతపడేది కాదు. బళ్ళో ఉంటే ప్రోగ్రెస్ కార్డు వచ్చేది, బాగున్నారో లేదో ఎవరో ఒకరు చెప్పేవారు. ఇప్పుడు చెప్పేదెవరు? నా మొండితనంతో పిల్లల బతుకులు పాడుచేస్తున్నానా? దానికి తోడు పక్కింటి గిన్నెకోడి సహాయమ్మ. పేరు సహాయమ్మేగాని నోరు మంచిది కాదు.

"ఏం వదినా, పిల్లలు ఇంట్లోనే ఉంటున్నారు. ఒంట్లో బాగోలేదా?"

"ఇంట్లోనే చదువుకుంటున్నారు వదినా."

"అయ్యయ్యో, మరి ర్యాంకెవరిస్తారు? మావాడు ముక్కు కారుతున్నా మొన్న రెండు చేపలు పట్టాడు. రేపు ఎవరైనా సర్టిఫికెట్ అడిగితే ఏం చూపిస్తారమ్మా మీవాళ్ళు, ముఖమా?"

"ఎవరైనా వచ్చి ఒక్కసారి పరీక్ష పెట్టి, నీ పిల్లలు బాగానే ఉన్నారని చెబితే చాలు వదినా. వాళ్ళ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటా" అంది ఆరోగ్యమ్మ.

ఆ మాట కంచె పక్క పొదలోకి వినబడింది. పొదలో బావురుపిల్లి ఉంది.

మర్నాడు దీపాలు పెట్టే వేళకి కంచె అవతల తెల్లటి ఆకారం ఒకటి వచ్చి నిలబడింది. ఎవరి తీగ మీదో ఆరేసిన తువ్వాలు కాజేసి నెత్తి నుంచి కాళ్ళ దాకా కప్పుకున్నాడు దొంగసచ్చినోడు. కోళ్ళకి పొద్దుగూకితే చూపు ఆనదని వాడికి తెలుసు.

"ఆరోగ్యమ్మగారి ఇల్లు ఇదేనా? బోర్డు నుంచి వచ్చాను. ఇంట్లో చదివే పిల్లల్ని పరీక్షించే ఇన్‌స్పెక్టర్ని."

బోర్డు అనగానే ఆరోగ్యమ్మకి ప్రాణం లేచొచ్చింది. "అలాగే సార్! రండి సార్!"

"ఇవాళ కాదు. రేపు ఇదే వేళకి వస్తాను. పిల్లల్ని సిద్ధం చెయ్యండి."

సిద్ధం చెయ్యడమంటే అలా ఇలా చేసిందా! తెల్లారగట్లే లేపి మట్టిస్నానం చేయించింది, రెక్కలు దువ్వింది, ఎలా నిలబడాలో నేర్పింది. "సార్ ఏమడిగినా ఎస్ సార్ అనండి. తెరేజా, నీకే చెప్పేది, ఎదురు ప్రశ్న వేశావో ఊరుకోను."

"ప్రశ్నలు మానేశాననే కదమ్మా నన్ను బడి మానిపించావు?"

"ఈ ఒక్కరోజుకి నోరు మూసుకో తల్లీ. నీకు దణ్ణం పెడతా."

తెరేజ ముక్కు వంచి రొమ్ము మీద ఈక ఒకటి లాగేసింది. ఆరోగ్యమ్మ చూసింది. చూసి ముఖం పక్కకి తిప్పుకుంది. రేపటి నుంచి అంతా బాగైపోతుందని తనకి తనే చెప్పుకుంది.

చెప్పినట్టే సాయంత్రం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇన్నయ్య అప్పటికే వాసమెక్కి గుర్రు పెడుతున్నాడు, ఆయనకి పొద్దుగూకితే లోకం లేదు. ఇన్‌స్పెక్టరు పెరడంతా పరకాయించి చూసి కోళ్ళగూడు దగ్గర ఆగాడు. మట్టిగోడల గూడు. తలుపుగా ఉన్న చెక్కపలకని పొద్దున పైకెత్తి కింద పుల్ల ఆనిస్తారు. చీకటి పడ్డాక ఈ కోళ్ళని పెంచే ఇంటావిడ వచ్చి పుల్ల లాగేస్తుంది, పలక దభాలున పడి మేకుకి చిక్కుకుంటుంది. మనిషి వచ్చి ఎత్తితే తప్ప తెరుచుకోదు.

"ఇదే ఎగ్జామ్ హాలు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళాలి. నేను వెనకే వెళ్ళి పరీక్ష పెడతాను. తల్లి బయటే ఉండాలి, లోపల్నుంచి ఏం వినబడినా పలకకూడదు."

"అలాగే సార్. శౌరీ, వెళ్ళు నాన్నా."

"ఎస్ సార్" అన్నాడు శౌరి, గొంతు కీచుమంది. తల వంచి గూటి గుమ్మంలోకి మెడ పెట్టాడు. ఎంత బుద్ధిమంతుడో అని మురిసిపోయింది ఆరోగ్యమ్మ.

"ఆగన్నయ్యా" అంది తెరేజ. "సార్, లోపల ఏం చెయ్యాలి?"

ఆరోగ్యమ్మకి తల కొట్టేసినట్టయింది. "నోర్ముయ్యవే! క్షమించండి సార్, నోటి దురుసు పిల్ల."

"కళ్ళు మూసుకుని మెడ వంచి ప్రార్థన చెయ్యాలి. తరవాత పరీక్ష" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అయితే ముందు మీరు చేసి చూపించండి సార్."

"నేను ఇన్‌స్పెక్టర్ని. నాకు పరీక్షేంటి?"

"మా బళ్ళో అదే రూలు సార్. చెప్పేవాళ్ళే ముందు చేసి చూపించాలి. మా అమ్మయినా అంతే."

"తెరేజా!" అని గద్దించింది ఆరోగ్యమ్మ. ఏడాదంతా ఎదురుచూసిన పరీక్ష ఈ పిల్ల నోటి వల్ల చెడిపోయేలా ఉంది. దాని నెత్తిన ఒక్కటి పొడుద్దామని ముక్కెత్తింది కూడా.

బావురుపిల్లికి ఆకలి మండిపోతోంది. వాదించి అనుమానం తెప్పించేకన్నా లోపల కూర్చుంటే వీళ్ళే నడుచుకుంటూ నోటి దగ్గరికొస్తారు కదా అనుకున్నాడు. "సరే, చూపిస్తాను. చూసి ఒక్కొక్కరే రండి" అని శౌరిని పక్కకి నెట్టి గుమ్మంలో దూరాడు.

గుమ్మం ఇరుకు. తువ్వాలు మేకుకి తగులుకుని అక్కడే ఉండిపోయింది. లోపలికి జారిపోతున్న ఒంటి వెనక నల్లపట్టీల తోక బారెడు పొడుగున కదిలింది. ఆ కాస్త వెలుతురులోనూ ఆరోగ్యమ్మకి అది కనబడింది.

కన్నకొడుకుని చేతులారా ఈ గుమ్మంలోకి పంపింది తను. అడ్డు చెప్పిన పిల్లని పొడవబోయింది. ముక్కుతో పుల్లని పట్టి ఒక్క లాగు లాగింది. పలక దభాలున పడింది.

లోపల కాసేపు రక్కుడూ గీరుడూ. తరవాత తేనెలో ముంచినట్టు గొంతు.

"ఆరోగ్యమ్మగారూ, ఇదేం పని? తలుపు తియ్యండమ్మా. మీ పిల్లలు పాసయ్యారు."

"ఎన్ని మార్కులు సార్?"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆరోగ్యమ్మకి ఒక క్షణం తెలియలేదు.

"నూటికి నూరు! జిల్లాలోనే ఫస్టు! ఇంత బాగా చదువు చెప్పిన తల్లిని నేనెక్కడా చూడలేదు!"

పిల్లలిద్దరూ తల్లి ముఖంలోకి చూశారు.

"అమ్మా, వాడు మనల్ని తినడానికి వచ్చాడే" అంది తెరేజ మెల్లిగా.

"తెలుసే తల్లీ" అంది ఆరోగ్యమ్మ. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. "తెలిసి కూడా వినాలనిపించింది."

ఇద్దర్నీ రెక్కల కిందికి లాక్కుంది. ఒదిగి పడుకునే వయసు దాటిపోయిన పిల్లలు, రెక్కలు చాలలేదు, అయినా వదల్లేదు. అప్పటికి సహాయమ్మ చూసి గోలగోలగా అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపులకి ఇంటావిడ రోకలి పట్టుకుని వచ్చింది. పలక ఎత్తగానే బయటికి దూకిన ఇన్‌స్పెక్టరుగారికి నడుమ్మీద రెండు గట్టిగా పడ్డాయి. కుంటుకుంటూ కంచె దూకిపోయిన వాడు మళ్ళీ ఆ పెరటి వైపు రాలేదు.

పిల్లల మీద ఉండాల్సిన చూపు పదిమంది మెప్పు మీదికి పోతే, గుమ్మంలో నిలబడ్డది ఎవరో కనబడదు.