వెంట్రుకవాసి పాఠం

చింతలమెట్ట అడవిలో జంతువులకి రెండే రెండు ఆశలు. ఒకటి, వానలు వేళకి పడటం. రెండోది, ఇంట్లో ఒక్క బిడ్డకైనా ఏనుగుగారి వైద్య కళాశాలలో సీటు రావడం. వానల సంగతి మబ్బులు చూసుకుంటాయి. సీటు సంగతి మాత్రం నక్క భూషణం మాష్టారు చూసుకునేవాడు.

పరీక్ష ఏడాదికొకసారి, మాఘమాసంలో. కళ్ళకి గంతలు కట్టి వంద ఆకులు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెడతారు. వాసన చూసి అది ఏ ఆకో, ఏ రోగానికి వాడతారో చెప్పాలి. డెబ్బై అయిదు చెబితే సీటు. చెప్పలేకపోతే మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. అలా ఆగేవాళ్ళ కోసమే మాష్టారు వాగు ఒడ్డున పాక వేసి లాంగ్ టర్మ్ కోచింగ్ పెట్టాడు. పాక ముందు బోర్డు ఒకటి: "మా దగ్గర చదివినవారు తప్పినా వెంట్రుకవాసిలోనే తప్పుతారు!"

ఆ పాకలో మూడేళ్ళుగా చదువుతున్నవాడు ఎద్దు సోమలింగం.

సోమలింగానికి వైద్యం పిచ్చి ఊరికే పట్టలేదు. ఒక వేసవిలో గాలికుంటు రోగం వచ్చి మందలో ఆరు దూడలు పోయాయి. అందులో ఒకటి వాడి చెల్లెలు. వైద్యుడు పొరుగు అడవి నుంచి నాలుగో రోజున వచ్చి, మొదటి రోజే ఫలానా ఆకు నూరి పూసుంటే బతికేదన్నాడు. ఆ ఆకు మంద పడుకునే చోటికి పది అడుగుల దూరంలోనే ఉంది. సోమలింగం రోజూ దాన్ని మేస్తూనే ఉన్నాడు.

మర్నాటి నుంచీ మేతకి వెళ్ళినప్పుడల్లా ప్రతి ఆకూ వాసన చూసి, పెద్దల్ని అడిగి తెలుసుకుని, ఆ మాఘమాసంలోనే పరీక్షకి కూర్చున్నాడు. బయటికొచ్చేసరికి మాష్టారు చెట్టు కింద నిలబడి ఉన్నాడు.

"నాయనా, ఫలితాలకి నువ్వెందుకు తిరగడం? నేను కనుక్కొస్తాలే," అన్నాడు. పదిహేను రోజులకి వచ్చి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "వెంట్రుకవాసిలో పోయిందిరా సోమలింగం! ఇంత తెలివి వృథా కానిస్తామా? నా దగ్గర చేరు."

"ఫీజు ఇచ్చుకోలేను మాష్టారూ."

"ఛఛ, మనలో మనకి ఫీజులేమిటి? నా నువ్వుల గానుగ తిప్పుతూ పాఠం విను. చాలు."

"అలాగేనండి. నా చదువు పూర్తయ్యేదాకా తిప్పుతాను. మాట," అన్నాడు సోమలింగం. ఎద్దు మాట ఇస్తే ఇచ్చినట్టే.

పొద్దున మొదలుపెట్టి పొద్దు గుంకేదాకా గానుగ. మాష్టారు నీడలో పడుకుని ఆకుల పేర్లు చెప్పేవాడు. సోమలింగం గుండ్రంగా తిరుగుతూ వల్లె వేసేవాడు. ఒక్క ఆకైనా చూపించమని అడిగితే, "పేరు నోటికి రానీ, వాసన దానంతట అదే వస్తుంది," అనేవాడు మాష్టారు.

అలా రెండోసారి రాశాడు. వెంట్రుకవాసి. మూడోసారి రాశాడు. వెంట్రుకవాసి. నాలుగోసారి రాసి వచ్చాక తల్లి పుణ్యవతి కొడుకుని కూర్చోబెట్టుకుంది.

"నాన్నా, ఉప్పు బండికి జోడీ కావాలని మీ మేనమామ కొడుకు బుడ్డయ్య కబురు పంపాడు. మంచి బండి, మంచి దారి. ఏరువాక దాకా ఆగుతాడట, ఆ తర్వాత ఇంకొకణ్ణి చూసుకుంటాడట. ఏమంటావు?"

"ఫలితం రానీ అమ్మా."

"వస్తే సరే. రాకపోతే?"

సోమలింగం నెమరు వేయడం ఆపి ఆలోచించాడు. తోటివాళ్ళంతా కాడి మోసి నలుగురిలో మర్యాద సంపాదించుకున్నారు. తను గుండ్రంగా తిరిగి తిరిగి, తిన్నగా నడవడం కూడా మరిచిపోతున్నాడు. అయినా మానేద్దామనుకోగానే ఆ వెంట్రుక కళ్ళ ముందు వేలాడేది. అంత దగ్గరికి వచ్చి వదిలేస్తారా ఎవరైనా?

ఫలితాల రోజున మాష్టారు అడవిలో లేడు. కొత్త పిల్లల్ని చేర్చుకోవడానికి అవతలి కొండకి వెళ్ళాడు. ఆగలేక సోమలింగం ఫలితం కోసం మొదటిసారి తనే కళాశాలకి వెళ్ళాడు. గుమాస్తా కొంగ ఒంటికాలి మీద నిలబడి జాబితా తిరగేస్తున్నాడు.

"అయ్యా, సోమలింగం అండి. ఎన్ని వచ్చాయో..."

"ముప్పై ఒకటి."

"ఎంత తక్కువైందండీ?"

"ముప్పై ఒకటి అంటే వచ్చినవయ్యా. తక్కువైంది నలభై నాలుగు."

సోమలింగం చెవులు విదిలించుకున్నాడు. "మాష్టారు ప్రతిసారీ వెంట్రుకవాసి అన్నారే?"

"ఏ జంతువు వెంట్రుకతో కొలిచాడో నాకు తెలీదు," అన్నాడు కొంగ. "అసలు మీ మాష్టారు ఈ గడప ఎప్పుడు తొక్కాడని? నీ మార్కులన్నీ ఇక్కడే ఉన్నాయి, విను. మొదటిసారి డెబ్బై ఒకటి. తర్వాత యాభై ఎనిమిది. తర్వాత నలభై నాలుగు. ఇప్పుడిది. మొదటి ఏడాది ఎవరి దగ్గర చదివావు?"

"ఎవరి దగ్గరా లేదండి. మేస్తూ నేర్చుకున్నాను."

"మరి నిన్నెవరు చెడగొట్టారయ్యా?" అంటూ కొంగ ముక్కు పక్కకి తిప్పుకున్నాడు. "కాస్త దూరంగా నిలబడు. నువ్వుల నూనె వాసన గుప్పుమంటోంది."

సోమలింగం వాకిట్లో ఉన్న తులసి మొక్క దగ్గరికి వెళ్ళి వాసన చూశాడు. నువ్వుల నూనె. పక్కనున్న వావిలి చూశాడు. నువ్వుల నూనె. ఇంటికి వెళ్ళేదారిలో చెల్లెల్ని బతికించగలిగిన ఆ ఆకు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. దానికీ అదే వాసన. ఎన్నడూ లేనిది, ఆ రోజు వాడు కాళ్ళతో నేల తవ్వాడు.

ఇంటికొచ్చి తల్లికి అంతా చెప్పాడు. చివర, "ఇంకొక్కసారి రాస్తానమ్మా," అన్నాడు.

పుణ్యవతి తోక విసిరింది. "ఇది మాష్టారి మాటే కదరా!"

"మాట అదే. కానీ ఎందుకు తప్పుతున్నానో ఆయన ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు నాకు తెలిసింది. ఇది ఆఖరిసారి. కాకపోతే ఏ బండి దొరికితే ఆ బండికి పోతాను."

"బుడ్డయ్య ఆగడు నాన్నా."

"ఆగొద్దని చెప్పు."

ఏరువాక నాటికి బుడ్డయ్య పక్కన ఇంకో ఎద్దు నడిచింది.

ఇక మిగిలింది గానుగ. చదువు పూర్తయ్యేదాకా తిప్పుతానని మాట ఇచ్చాడు మరి. సోమలింగం మూడు రోజులు నెమరు వేసి వేసి, మాష్టారు కొత్త పిల్లల్ని చేర్చుకునే రోజున పాకకి వెళ్ళాడు. కోతులు, మేకలు, కుందేళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని బారులు తీరి ఉన్నాయి.

సోమలింగాన్ని చూడగానే మాష్టారు ఎదురొచ్చాడు. "రా నాయనా, రా! చూశారా అమ్మా, పట్టుదలంటే ఇదీ! ఈసారి కూడా పాపం వెంట్రుకవాసిలో..."

"మొదటిసారి కూడా అంతే కదండి మాష్టారూ?"

"అంతే. వెంట్రుకవాసి."

"రెండోసారీ, మూడోసారీ?"

"అక్షరాలా వెంట్రుకవాసి!"

"అయితే నాకింకా రావలసిన చదువు ఎంతండీ?"

బారులో ముందున్న కోతి తల్లి అందుకుంది. "ఎంతేమిటి? వెంట్రుకంతే కదా!"

"వెంట్రుక చిన్నదేనమ్మా," అన్నాడు మాష్టారు సర్దుకుంటూ. "దాన్ని పట్టుకోవడానికే ఏడాది పడుతుంది."

"ఒక్క వెంట్రుకకి ఏడాదా!" మేక తల్లి గుండె బాదుకుంది. "మా దానికి తోకంత లోటుంది. ఎన్నేళ్ళు పడుతుందండీ?"

బారు చివర ఇద్దరు ముగ్గురు తల్లులు పిల్లల చేతులు పట్టుకుని వెనక్కి తిరిగారు. మాష్టారు కంగారుపడి గొంతు పెంచాడు. "అబ్బే, నేనన్నది మందబుద్ధుల సంగతి! చురుకైన పిల్లలకి నా దగ్గర ఒక్క రోజు చాలు!"

"మరి నేనండీ?" అన్నాడు సోమలింగం.

అందరి ముందూ పట్టుదలకి ఉదాహరణగా నిలబెట్టినవాణ్ణి మందబుద్ధి అని ఎలా అంటాడు? "చురుకైనవాడివే," అని నమిలాడు.

"అయితే ఆ ఒక్క రోజు పాఠం ఇవాళే చెప్పండి. నా చదువు పూర్తయిపోతుంది."

మాష్టారు చెట్టు కింద కూర్చుని తులసి గురించి సాయంత్రం దాకా చెప్పాడు. సోమలింగం శ్రద్ధగా విని, నమస్కారం పెట్టి, గానుగ కాడి వదిలించుకుని వెళ్ళిపోయాడు.

ముక్కు బాగుపడటానికే రెండు నెలలు పట్టింది. రోజూ వాగులో ముఖం ముంచేవాడు. వేపకీ వావిలికీ తేడా తెలిసిన రోజున పుణ్యవతి దగ్గరికి దూడలా పరిగెత్తుకొచ్చాడు. ఆపైన కొండలన్నీ తిరిగాడు. వాసన చూడటం, కొరకడం, అడగడం. మాఘమాసంలో అయిదోసారి గంతలు కట్టించుకుని కూర్చున్నాడు. ఫలితం తనే వెళ్ళి అడిగాడు.

"డెబ్బై తొమ్మిది," అన్నాడు కొంగ. ఆ ఒక్కమాటకి రెండో కాలు కూడా నేల మీద ఆన్చాడు.

మర్నాటికల్లా నక్క పాక ముందు కొత్త బోర్డు వెలిసింది. "సోమలింగం మా విద్యార్థే! మా శిక్షణే!" జంతువులన్నీ పరిగెత్తుకెళ్ళి సోమలింగాన్ని అడిగాయి.

"మాష్టారి దగ్గర చదివే సీటు కొట్టావా నాయనా?"

సోమలింగం నిదానంగా చెప్పాడు. "ఆయన దగ్గర మూడేళ్ళు గానుగ తిప్పాను. ఒక్క రోజు చదివాను. ఆ ఒక్క రోజు తర్వాతే సీటొచ్చింది."

ఇక పాక ముందు తొక్కిసలాట. ప్రతి తల్లీ బిడ్డని ముందుకి తోసి, "మావాడు మహా చురుకు మాష్టారూ, ఒక్క రోజు చెప్పి పంపేయండి," అనడమే. తన బిడ్డ చురుకైనవాడు కాదని ఒప్పుకునే తల్లి ఆ అడవిలో ఒక్కరూ లేరు. రెండో రోజుకి పాకలో ఒక్క పిల్లా మిగల్లేదు. నక్క మాత్రం కొత్త బోర్డు కింద ఒంటరిగా నిలబడి, తను రాయించిన మాటలే పైకీ కిందికీ చదువుకుంటూ ఉండిపోయాడు.

నీతి: మళ్ళీ రాయమని సలహా ఇచ్చేవాణ్ణి, నేను పాసైతే నీకేం పోతుందని ముందు అడగాలి.