ఉప్పు బిడారులో చివరి ఎద్దు

అనగనగా సముద్రపు ఒడ్డున పెనుమడి అని ఒక ఊరు. ముందే చెబుతున్నాను పిల్లలూ, ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో మీరే వినండి.

పెనుమడి వాళ్ళు ఉప్పు పండించేవారు. ఎండలో మాడి, కాళ్ళు పగిలి, మడుల్లో తెల్లటి ఉప్పు పోగేసేవారు. పై ఊరి వర్తకులు వచ్చి దాన్ని కారుచౌకగా పట్టుకుపోయి, కొండల నడుమ ఉన్న మేఘగిరిలో అమ్ముకునేవారు. కష్టం ఒకరిది, సుఖం ఇంకొకరిది.

ఆ ఊళ్ళో ముమ్మడి అనే యువకుడు ఉండేవాడు. చురుకైనవాడు, మాటకారి. ఒకనాడు ఊరందరినీ పిలిచి, "మన ఉప్పు మనమే మోసుకుపోదాం. ఇంటికో ఎద్దును ఇవ్వండి. నేను బిడారు కడతాను" అన్నాడు. బిడారు అంటే సరుకు మోసే ఎడ్ల బారు.

ఊరు నమ్మింది. అరవై ఇళ్ళ నుంచి అరవై ఎడ్లు వచ్చాయి. ఎర్రక్క అనే ఒంటరి ఆడమనిషి కూడా తనకున్న ఒక్కగానొక్క ఎద్దును తోలుకొచ్చింది. దాని పేరు గంగడు. "నా గంగడు ఎక్కడికెళ్తే నేనూ అక్కడికే" అని తనూ బయలుదేరింది. ఆ ఎద్దు లేకపోతే ఆమెకు దుక్కి లేదు, బండి లేదు, కూడు లేదు.

ముమ్మడి వెళ్ళి మేఘగిరి దొరను దర్శించాడు.

"వానలు పడేలోగా మూడు బిడార్లు తీసుకురా" అన్నాడు దొర. "మూడోసారికైనా, బయలుదేరిన ఉప్పు ఒక్క సంచి తగ్గకుండా చేరితే, ఈ కనుమ దారిన ఉప్పు తెచ్చే హక్కు మీ ఊరిదే. లేకపోతే పాత వర్తకులకే రాసిస్తాను."

ముమ్మడి పొంగిపోయాడు. పొంగిపోయి ఏం చేశాడు? ఎడ్ల గిట్టలకు లాడాలు కొట్టించాడా? కొట్టించలేదు. దారిలో నీళ్ళు ఎక్కడెక్కడ దొరుకుతాయో కనుక్కున్నాడా? కనుక్కోలేదు. ఒక పెద్ద నగారా చేయించి, అందరికన్నా బలమైన ఎద్దు మీద కట్టించి, బారుకు ముందు నిలబెట్టాడు. తలపాగా చుట్టుకుని తాను దాని పక్కన నడిచాడు. నగారా మోగితే అందరూ నడవాలి. అదీ ఆయనగారి నాయకత్వం!

మొదటి బిడారు బయలుదేరింది.

కొండదారి ఇరుకు. ఎద్దు వెనక ఎద్దు, ఒక్కటే వరస. మొదటి ఎద్దు వాగు పక్కన మద్ది చెట్ల నీడకు చేరేసరికి, చివరి ఎద్దు ఇంకా ఎక్కడో మిట్ట ఎక్కుతూనే ఉండేది. ముమ్మడి నీడన కూర్చునేవాడు. అంబలి తాగేవాడు. కాళ్ళు చాపి ఒక కునుకు తీసేవాడు. దూరాన దుమ్ములో చివరి ఎద్దు కనపడగానే లేచి, "వచ్చేశారుగా, ఇక పదండి!" అని నగారా కొట్టించేవాడు.

ఇప్పుడు మీరే చెప్పండి. ముందున్నవాళ్ళకు విశ్రాంతి దొరికింది. మరి చివరివాళ్ళకు? నీడలోకి వచ్చారు, నీడలోంచి వెళ్ళిపోయారు. ఎద్దు వాగులో మూతి పెట్టేలోపే నగారా మోగేది. రోజంతా అదే తంతు.

చివర నడిచిన ఎడ్లలో నాలుగు దారిలోనే కూలి చచ్చాయి. వాటి ఉప్పు లోయ పాలైంది.

"ఎవరి తప్పు?" అని అడిగాడు దొర.

"చివర నడిచేవాళ్ళది ప్రభూ. ఒట్టి బద్ధకస్తులు" అన్నాడు ముమ్మడి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు!

తిరుగుదారిలో ఎర్రక్క అతనికి అడ్డం వచ్చి నిలబడింది.

"నాయనా ముమ్మడీ, నువ్వు కూర్చున్నంతసేపూ మేం నడిచాం. మేం వచ్చేసరికి నువ్వు లేచావు. మా ఎడ్లు నీళ్ళెప్పుడు తాగాలి?"

"తొందరగా నడిస్తే తొందరగా తాగుతాయి ఎర్రక్కా" అన్నాడు ముమ్మడి. అని నవ్వాడు కూడా. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటలాడతాయి.

రెండో బిడారు బయలుదేరేముందు ముమ్మడి కాస్త ఆలోచించాడు. "చివర ఏం జరుగుతోందో నాకు ఎప్పటికప్పుడు తెలియాలి" అనుకున్నాడు. మంచి ఆలోచనే, కాదనను. కానీ కబురు తేవడానికి ఎవర్ని పెట్టాడు? చిట్టెయ్యను పెట్టాడు. ఎదుటివాడి ముఖం ఎటు తిరిగితే తన మాట అటు తిప్పే మనిషి చిట్టెయ్య.

మొదటి మజిలీలో చిట్టెయ్య వెనకనుంచి పరుగున వచ్చి, "చివరి ఎడ్లు రొప్పుతున్నాయయ్యా" అన్నాడు.

ముమ్మడి కళ్ళెర్రజేశాడు. "బయలుదేరి ఒక్క పూట కాలేదు, అప్పుడే అపశకునం పలుకుతావా?"

రెండో మజిలీలో చిట్టెయ్య, "కాస్త అలిసినట్టున్నాయయ్యా, అంతే" అన్నాడు. ముమ్మడి ముఖం చిట్లించాడు.

మూడో మజిలీలో చిట్టెయ్య చేతులు కట్టుకుని, "అంతా దివ్యంగా ఉందయ్యా! ఎడ్లు గంతులేస్తున్నాయి!" అన్నాడు. ముమ్మడి భుజం తట్టి, తన మజ్జిగ ముంత అతని చేతికిచ్చాడు.

చూశారా, అబద్ధం ఎలా పెరుగుతుందో? నిజానికి తిట్లు, అబద్ధానికి చల్లటి మజ్జిగ. ఇక నిజం చెప్పే ఖర్మ ఎవడికి పట్టింది?

ఆ దివ్యమైన ప్రయాణంలో తొమ్మిది ఎడ్లు చచ్చాయి. తొమ్మిది ఎడ్లంటే తొమ్మిది ఇళ్ళు. ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలుగుతుందని అడిగిన నాథుడు లేడు.

"ఎవరి తప్పు?" అని మళ్ళీ అడిగాడు దొర.

"చివరివాళ్ళదే ప్రభూ. ఈసారి కొరడా పట్టుకుంటాను" అన్నాడు ముమ్మడి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు మరి!

సభ బయటికి రాగానే ఎర్రక్క ఉండబట్టలేకపోయింది. "కొరడా దేనికి? వాటిని కడుపునిండా నీళ్ళు తాగనివ్వు, చాలు. పోయినసారే చెప్పాను కదా!"

"ఇంకొక్కసారి నోరెత్తావంటే నీ ఎద్దును విప్పుకుని పో. ఈ బిడారు కట్టింది నేను!"

"కట్టింది నువ్వే. ఎడ్లు మావి" అంది ఎర్రక్క.

అంత మాట పడ్డా ఆమె వెళ్ళిపోలేదు. ఎలా వెళ్తుంది? మధ్యలో వదిలేస్తే కనుమ దారి పోతుంది. ఊరు మళ్ళీ ఆ వర్తకుల గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

మూడో బిడారు బయలుదేరింది. మిగిలినవి నలభై ఏడు ఎడ్లు. చివరిది గంగడు. మూతి ఎండి, డొక్కలు ఎగరేస్తూ రెండో మజిలీ దాకా ఈడ్చుకొచ్చాడు. అక్కడ మోకాళ్ళ మీద కూలిపోయాడు.

ముమ్మడి నగారాను చిట్టెయ్యకు అప్పగించి, కొరడా పట్టుకుని, నిప్పులు కక్కుతూ వెనక్కి వచ్చాడు. "లేపండి దాన్ని!" అని కొరడా ఎత్తాడు.

అప్పుడు గంగడు నోరు తెరిచాడు. పుట్టినప్పటి నుంచి ఒక్క మాట అనని మూగజీవం. కడుపులో మంట అంత పెద్దదైతే ఎద్దుకైనా మాట వస్తుంది.

"కొట్టు ముమ్మడీ, లేస్తానేమో చూడు" అన్నాడు గంగడు. "నా చెవులు చూశావా? ముందుకూ తిరుగుతాయి, వెనక్కూ తిరుగుతాయి. నీ చెవులకేమైంది? నాకు దాహమని ఎర్రక్క చెప్పింది, వినలేదు. రొప్పుతున్నానని చిట్టెయ్య చెప్పాడు, వినలేదు. చివరికి ఎద్దు చెప్పాల్సి వచ్చింది. ఎద్దు చెబితే గానీ వినని మనిషిని ఏమనాలి?"

అంతే. తల నేల మీద వాల్చాడు. మళ్ళీ ఎత్తలేదు.

ఎర్రక్క ఏడవలేదు. ముమ్మడి చేతిలోని కొరడా లాక్కుని లోయలోకి విసిరేసింది.

"ఒరే ముమ్మడీ! గంగడి మీది రెండు సంచుల్లో ఒకటి నువ్వెత్తుకో. రెండోది మేం తలా ఇంత మోస్తాం. ఇక్కడినుంచి నువ్వూ మాతోనే చివర నడువు. పారిపోయావంటే, మన ఊళ్ళో నీకు గుక్కెడు నీళ్ళు కూడా పుట్టవు!"

ముమ్మడి వంగాడు. సంచి భుజానికెత్తుకున్నాడు.

నలభై ఆరు ఎడ్లు లేపిన దుమ్మంతా అతని కళ్ళల్లోనే పడింది. నాలుక పిడచకట్టుకుపోయింది. భుజం పుండయింది. ఎలాగో మూడో మజిలీ కనపడింది. మద్ది చెట్లు, నీడ, పక్కనే వాగు. ముమ్మడి సంచి దించి, వంగి దోసిలి పట్టాడు.

నగారా మోగింది.

"ఆగండి!" అని అరిచాడు ముమ్మడి. "ఆపరా చిట్టెయ్యా!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. బారు కదిలిపోతూనే ఉంది. గొంతు చీరుకుపోయేలా మళ్ళీ అరిచాడు. ఒక్కడూ వెనక్కి తిరగలేదు.

"చెవుడా వాడికి? వెనక మనుషులున్నారని తెలియదా?" అని ఒళ్ళు తెలియని కోపంతో ఊగిపోయాడు.

"రెండు బిడార్ల నుంచీ మేమూ అదే అడుగుతున్నాం" అంది ఎర్రక్క.

ముమ్మడి దోసిట్లో నీళ్ళు కారిపోయాయి. అతను ఇంక ఒక్క క్షణం ఆగలేదు. బొబ్బలెక్కిన కాళ్ళతో బారు పొడవునా పరుగెత్తి చిట్టెయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు నేర్పినట్టే కొట్టానయ్యా!" అన్నాడు చిట్టెయ్య.

"అవును, నేను నేర్పినట్టే కొట్టావు" అన్నాడు ముమ్మడి. నగారా ఎద్దును వెనక్కి తోలుకొచ్చి బారుకు చిట్టచివర నిలబెట్టాడు. "ఎర్రక్కా, ఎప్పుడు మోగించాలో ఇక నువ్వే చెప్పు" అన్నాడు.

"చెబుతాను. దానికన్నా ముందు నీకు చెప్పాల్సినవి ఉన్నాయి" అంది ఎర్రక్క.

ఎడ్లన్నీ నీళ్ళు తాగి, పడుకుని నెమరు వేసేదాకా ఆమె తిట్టింది. పోయిన ఎడ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, ఏది ఎక్కడ ఎలా చచ్చిందో చెప్పి మరీ తిట్టింది. మధ్యలో రెండుసార్లు ముమ్మడి "అది కాదక్కా" అనబోయాడు. రెండుసార్లూ తనకు తానే నోరు మూసుకుని, నిలబడి విన్నాడు.

ఆ తర్వాత చివరి ఎద్దు లేచి నిలబడ్డాకే నగారా మోగింది. ప్రతి మజిలీలోనూ అంతే. ఆలస్యమవుతుందని అందరూ భయపడ్డారు. కాలేదు. ఒక్క ఎద్దూ కూలలేదు. మబ్బులు కమ్ముకుంటుండగా బిడారు మేఘగిరి చేరింది.

దొర లెక్క చూసుకున్నాడు. "బయలుదేరిన ఉప్పు బయలుదేరినట్టే వచ్చింది. భేష్ ముమ్మడీ!"

ముమ్మడి అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "ఉప్పు తగ్గలేదు ప్రభూ, ఎద్దు తగ్గింది. మూడు బిడార్లలో మొత్తం పద్నాలుగు పోయాయి. తప్పు నాది."

"మొదటిసారి చివరివాళ్ళదన్నావే?"

"అప్పుడూ నాదే."

"రెండోసారి?"

"అప్పుడూ నాదే. వాళ్ళు చెబుతూనే ఉన్నారు, నేను వినలేదు. మీ ముందు వాళ్ళ మీద అబద్ధం చెప్పాను."

దొర ఆసనం మీంచి లేచాడు. "నా సభలో రెండుసార్లు అబద్ధమా! ఇచ్చిన మాట తప్పను, దారి మీ ఊరికే ఇస్తున్నాను. కానీ ఈ మనిషి ఇక బిడారు నడపడానికి వీల్లేదు!" అని ఎర్రక్క వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అన్నాడు.

"నాకు వీడి మీద కోపం తగ్గలేదు దొరా, తగ్గదు కూడా" అంది ఎర్రక్క. "నా గంగడు తిరిగి రాడు. ఊరికి వెళ్ళగానే వీడి దొడ్లో మంచి ఎద్దును నేనే విప్పుకుపోతాను, అడగను. కానీ నాయకుడిగా వీణ్ణే ఉండనివ్వండి. వీడికి ఈ బుద్ధి రావడానికి పద్నాలుగు ఎడ్లు చచ్చాయి. కొత్తవాణ్ణి పెడితే, వాడు నేర్చుకోవడానికి మళ్ళీ మా ఎడ్లే చావాలి." దొర ఆ మాటకు ఒప్పుకున్నాడు.

కథ కంచికి పోతే పోనీ, ఈ ఒక్క మాట మాత్రం మీ దగ్గర ఉంచుకోండి: చివర నడిచేవాడి కోపాన్ని నిలబడి వినలేనివాడికి ముందు నడిచే హక్కు లేదు.