పైడన్న పెట్టిన నిప్పు

దక్షిణాఫ్రికాలో, నేటాల్ సముద్రతీరాన ఒక తెల్లదొర చెరకుతోటలో పైడన్న అనే కూలీ ఉండేవాడు; మంచివాడే గానీ కోపం ఎప్పుడూ ముక్కు మీదే. అతని తాత విశాఖ నుంచి ఓడెక్కి వచ్చి అక్కడ దిగాడు. "ఈ నీళ్లే అటు చివర మన ఒడ్డుని తాకుతాయిరా" అని తాత చెప్పిన మాట పైడన్నను వదల్లేదు. మిట్ట మీద చెరకు నరుకుతూ రోజూ సముద్రాన్ని చూసేవాడు. ఒక్కసారి ఆ నీళ్లలో నిలబడితే చాలనుకునేవాడు. కానీ ఒడ్డున 'తెల్లవాళ్లకు మాత్రమే' అని బోర్డు ఉండేది.

అతని అక్క బంగారమ్మకూ అదే ఆశ. అయితే ఆమెది వేరే దారి. ప్రతి ఆదివారం, సెలవు రోజున, ఆమె వెంట తెలుగు కూలీలూ ఆ దేశపు జులూ జాతి కూలీలూ ఉతికిన బట్టలు కట్టుకుని ఆ బోర్డు దాకా నడిచేవారు. బోర్డు దాటేవారు కాదు. పొద్దు వాలేదాకా నీళ్లవైపు చూస్తూ నిలబడి, తిరిగి వచ్చేసేవారు.

మూడేళ్లు అలాగే గడిచాయి. మొదట నవ్విన తెల్లవాళ్లలోనే కొందరు సిగ్గుపడి పైవాళ్లకు అర్జీలు రాశారు. చివరికి కబురు వచ్చింది. వచ్చే ఆదివారం ఒక పెద్ద అధికారి వస్తాడు. ఎంతమంది నిలబడ్డారో కళ్లారా చూసి బోర్డు సంగతి తేలుస్తాడు.

శనివారం దొర పైడన్నను చూసి, "రేపు సముద్రానికా? నీ నలుపు తగిలితే నీళ్లు మురికవుతాయి" అని నవ్వాడు. పైడన్నకు ఒళ్లు మండిపోయింది.

"సూస్తూ నిలబడితే ఏటొచ్చిందక్కా? ఈళ్లకి బయమంటే ఏటో తెలవాల" అన్నాడు ఇంటికి వచ్చి.

"నాకు మాత్రం మండదేటిరా? ఒక్క రోజు ఓర్సుకో" అంది బంగారమ్మ.

ఓర్చుకుంటే పైడన్న ఎందుకవుతాడు? ఆ సాయంత్రమే వెళ్లి దొర చెరకుకు నిప్పు పెట్టాడు. ముదిరిన తోట చూస్తుండగానే అంటుకుంది. దొర గుండె పగలాలని అతని కోరిక.

దొర గుండె పగల్లేదు. కోతకు ముందు ఆకు కాల్చడం ఆ తోటల్లో మామూలే. నిప్పు ఆకును తింటుంది, గడ నిలుస్తుంది. కాకపోతే కాలిన గడను రెండు మూడు రోజుల్లో నరికి మిల్లుకు చేర్చాలి, లేదంటే రసం పులిసిపోతుంది. పదేళ్లుగా కత్తి పట్టినవాడికి ఆ సంగతి తట్టలేదంటే కోపం ఎంత పని చేస్తుందో చూడండి.

ఆదివారం తెల్లవారగానే తోట గంట మోగింది. సెలవు రద్దయింది. రానివాళ్లు గుడిసెలు ఖాళీ చెయ్యాలన్నారు. ఉతికిన బట్టలు దండెం మీదే ఉండిపోయాయి. బంగారమ్మతో సహా అందరూ మసిలో దిగి చెరకు నరికారు.

మధ్యాహ్నం మిట్ట మీద నుంచి పైడన్న కిందికి చూశాడు. బోర్డు దగ్గర ఒక కారు ఆగి ఉంది. ఒక మనిషి దిగి, ఖాళీ ఇసుకను కాసేపు చూసి, ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. పైడన్న కత్తి కింద పడేశాడు.

"అక్కా, నిప్పు పెట్టింది నానే" అన్నాడు.

బంగారమ్మ కింద పడిన కత్తి తీసి అతని చేతికిచ్చింది. "దొర సెరుకు ఒక్క కణుపు కూడా పాడవలేదురా. మన ఆదివారమే పోనాది" అంది.

ఎవరూ రాలేదు కాబట్టి ఎవరికీ ఆశ లేదని అధికారి తేల్చాడు. అర్జీలు రాసిన తెల్లవాళ్లు కూలీలే తోట తగలబెట్టారన్న పుకారు విని జడిసి తలుపులు వేసుకున్నారు. మళ్లీ మొదటి నుంచి నిలబడాల్సి వచ్చింది. ఈసారి పైడన్న ఒక్క ఆదివారం కూడా మానలేదు. పదకొండేళ్లకు బోర్డు తీశారు. అప్పటికి బంగారమ్మ లేదు. పైడన్న ఒక్కడే మోకాళ్లలోతు నీళ్లలోకి వెళ్లి, అక్కను తలచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

అన్యాయం మీద కోపం రావడం తప్పు కాదు; కానీ ఆ కోపం తనవాళ్ల కాళ్లకే అడ్డం పడితే, బాగుపడేది అన్యాయమే.